ఐరోపా ఫుట్‌బాల్ లీగులు: బలమునకు కొలబద్ద యేది?

1954 డిసెంబరులో ఇంగ్లండు జట్టు వుల్వ్స్ తన సొంత మైదానమున హంగెరీ జట్టు హోన్వెడ్‌ను 3-2 గోలులతో ఓడించెను. ఆట సగమగునప్పటికి హోన్వెడ్‌దే 2-0తో పైచేయి. కాని మైదానమును ముందే నీటితో తడిపించిరి. పుష్కాష్ వంటి మేటి ఆటగాండ్ర కాళ్లు బురదలో చిక్కినవి. వుల్వ్స్ జగజ్జేతలని ఇంగ్లీషు పత్రిక చాటగా, వారు మాస్కోకు, బుడాపెస్టునకు పోయి గెలిచిన పిమ్మట చూతమని ఫ్రెంచి పత్రిక 'లెకిప్'లో గాబ్రియేల్ ఆనో వ్రాసెను. 1955లో ఐరోపా కప్పు పోటీకి అదియే బీజము.

నేడీ తారతమ్యమును ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య లెక్కకట్టుచున్నది. ఒక దేశపు క్లబ్బులు ఐరోపా పోటీలలో ఆర్జించిన పాయింట్లను ఆ క్లబ్బుల సంఖ్యచే భాగించి, ఐదేండ్ల ఫలితములను కూడుదురు. లెక్క సరియైనదే, కాని ఆ పోటీలకు పోవునవి పైస్థానములలోని కొన్ని జట్లే. అడుగున నున్నవాని బలాబలము లిందు తెలియవు.

జర్మనీలో 2013 నుండి 2023 వరకు వరుసగా 11 మార్లు బాయర్న్ మ్యూనిక్‌యే గెలిచినది. ఆ లీగు చప్పన యనువారు, 2013 చాంపియన్స్ లీగు ఫైనలులో తలపడిన రెండు జట్లును జర్మనీవే యని మరతురు.

2014 నుండి 2018 వరకు ఆ కప్పు స్పెయినుదే: రియల్ మాడ్రిడ్‌కు నాలుగు మార్లు, బార్సిలోనాకు ఒకమారు. ఆ నడుమనే, 2016లో, ముందటి యేడు 14వ స్థానమున నిలిచిన లెస్టర్ సిటీ ఇంగ్లండు లీగును గెలిచినది! పెద్దజట్ల దౌర్బల్యమా, చిన్నజట్ల సత్తువయా? మరుసటి యేడు లెస్టర్ స్పెయిను జట్టు సెవిల్లాను ఇంటికి పంపి, క్వార్టర్ ఫైనలులో మరియొక స్పెయిను జట్టు అట్లెటికో మాడ్రిడ్ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడెను.