ఒక్క అక్షరం మారిస్తే సరిపోదు

నాచారం పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ పెట్టి పచ్చళ్లో, సబ్బులో ప్యాక్ చేసేవారిలోనూ, ఉప్పల్ కిరాణా కొట్లలో వాటిని కొనేవారిలోనూ ట్రేడ్‌మార్కుల మీద కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: పేరున్న బ్రాండులో ఒక అక్షరం, డబ్బా రంగు మారిస్తే కేసు నిలవదు.

వాస్తవం: కోర్టు రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టదు. కొట్లో మనకు కనిపించేది ఒకటే డబ్బా. అసలుది మన జ్ఞాపకంలో, అదీ అరకొరగా ఉంటుంది. 1962లో అమృతధార, లక్ష్మణ్‌ధార మందుల పేర్లను సుప్రీంకోర్టు ఇలాగే తూచింది. సగటు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషి పొరబడతాడని తేల్చింది.

అపోహ: మందుల పేర్లు కలిసినా ఫర్వాలేదు, డాక్టరు, మందుల షాపువాళ్లు చూసుకుంటారు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే మలేరియా మందుల పేర్ల మీద రెండు క్యాడిలా కంపెనీలు కోర్టుకెక్కాయి. డాక్టర్లు, ఫార్మసిస్టులు కూడా పొరబడతారనీ, మందుల విషయంలో ఇంకా కఠినంగా చూడాలనీ 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లిష్ తెలిసినవారు కొద్దిమందే ఉన్న దేశంలో విదేశీ కోర్టుల కొలమానాలు యథాతథంగా పనికిరావని కూడా అంది. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి నుంచి చీటీ పట్టుకుని వచ్చే కార్మికుడికి ఆ మాట ఎంత అవసరమో వేరే చెప్పాలా? సబ్బు మారితే డబ్బు పోతుంది, మందు మారితే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: సరుకు వేరైతే ఏ పేరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. బెంగళూరు వ్యాపారి ఒకరు ‘ఈనాడు’ పేరుతో అగరుబత్తీలు అమ్మితే, 2011లో సుప్రీంకోర్టు పత్రిక సంస్థ పక్షానే నిలిచింది. తెలుగునాట ఆ పేరుకున్న ప్రఖ్యాతే అందుకు కారణం. 2018లో మాత్రం అదే కోర్టులో, ‘నందిని’ పాల బ్రాండు ఉన్నా ‘నంధిని’ హోటళ్లకు తమ పేరు దక్కింది.

అపోహ: కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఉంటే పేరు మనదే.

వాస్తవం: కాదు. ట్రేడ్‌మార్కు నమోదు వేరు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవాలి.

లేబుళ్లు అచ్చుకిచ్చే ముందే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేరు వెతకండి, అది ఉచితమే. మందుల షాపులో బ్రాండు పేరుతో సరిపెట్టుకోకుండా, స్ట్రిప్పు మీద రాసిన అసలు మందు పేరును చీటీతో సరిచూసి ఇవ్వమని అడగండి.