ఒకే తీగలో సమాచారం, విద్యుత్తు – చిన్న కంప్యూటరుకు కొత్త బలం



ల్యాండ్‌లైన్ టెలిఫోన్ల కాలంలో ఇళ్ళలో ఒక విశేషం కనిపించేది. కరెంటు పోతే దీపం ఆరిపోయేది, ఫ్యాను ఆగిపోయేది, కాని టెలిఫోను మాత్రం మోగుతూనే ఉండేది. ఆ ఫోనుకు ఇంటి కరెంటుతో పని లేదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి, మాటలు మోసే ఆ రెండు రాగి తీగల మీదుగానే, సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఇంటి దాకా వచ్చేది. సమాచారం, శక్తి రెండూ ఒకే తీగలో ప్రయాణించేవన్నమాట.

ఇదే ఆలోచన ఈనాడు కంప్యూటర్ నెట్‌వర్క్ తీగలోకి వచ్చింది. దీనిని పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటారు, క్లుప్తంగా పీఓఈ. అరచేతిలో ఇమిడే కంప్యూటరుకు ఈ పద్ధతిలో విద్యుత్తు అందించడం ఎలా, దానికి వేగవంతమైన నిల్వ పరికరాన్ని జోడించడం ఎలా అన్నవి ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. అంతకంటే ముఖ్యంగా, వీటి వెనుక ఉన్న భౌతికశాస్త్రాన్ని పరిశీలిద్దాం. అది మీరు పదవ తరగతిలో చదివిన ఓమ్ నియమమే.

ఒక ఉదాహరణ

ఒకే పలకపై ప్రాసెసర్, మెమరీ, ఇతర భాగాలన్నీ అమర్చిన కంప్యూటర్లను సింగిల్ బోర్డ్ కంప్యూటర్లు అంటారు. వీటిలో ప్రసిద్ధమైనది రాస్ప్‌బెరీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం కోసం దీనిని రూపొందించారు. 2012 ఫిబ్రవరి 29న తొలి బోర్డు అమ్మకానికి వచ్చింది. 2023లో విడుదలైన రాస్ప్‌బెరీ పై 5 మన నేటి పాఠానికి ఆధారం.

ఇప్పుడు ఒక పాఠశాలను ఊహించుకుందాం. రాయ్‌పూర్ రైల్వే స్టేషనుకు అవతల ఉన్న గుఢియారీ వంటి రద్దీ పేటలో ఒక రెండంతస్తుల బడి. పుస్తకాలు, వీడియో పాఠాలు, విజ్ఞాన సర్వస్వం అన్నీ ఒక చిన్న కంప్యూటరులో నింపి, వరండా చివర గోడకు ఎత్తుగా బిగించాలి. ఇంటర్నెట్ లేకపోయినా నాలుగు తరగతుల పిల్లలు వైర్‌లెస్ ద్వారా వాటిని చదువుకోవాలి. ఇదీ ఉద్దేశం. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, నలభై మంది ఒకేసారి అడిగితే మెమరీ కార్డు అంత వేగంగా ఇవ్వలేదు. రెండవది, వరండా చివర ప్లగ్ పాయింటు లేదు. ఉన్నా, కరెంటు పోయినప్పుడల్లా గ్రంథాలయం మూతపడుతుంది. పరీక్షల ముందు రోజుల్లో ఇది చిన్న నష్టం కాదు.

మెమరీ కార్డు ఎందుకు చాలదు?

రాస్ప్‌బెరీ పై సాధారణంగా వేలిగోరంత మైక్రో ఎస్‌డీ కార్డు నుండి పనిచేస్తుంది. పై 5లో ఈ కార్డు మార్గానికి గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు. ఒకే పెద్ద ఫైలును వరుసగా చదవడానికి ఇది ఫర్వాలేదు. నలభై మంది నలభై వేర్వేరు పేజీలు అడిగినప్పుడు కార్డు ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క వెదికి తీయాలి. అప్పుడు దాని వేగం బాగా పడిపోతుంది.

రాతలో మరో ఇబ్బంది ఉంది. కార్డులోని ఫ్లాష్ మెమరీలో సమాచారాన్ని కొన్ని కిలోబైట్ల పేజీలుగా రాస్తారు. చెరపవలసి వస్తే మాత్రం వందల పేజీలున్న ఒక బ్లాకును మొత్తంగా చెరపాలి. పలకపై ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి, మిగిలినది మళ్ళీ రాసుకున్నట్టు ఉంటుంది ఈ పని. ప్రతి బ్లాకూ పరిమితమైన సార్లు మాత్రమే ఈ తుడుపును తట్టుకోగలదు. పైగా ఈ పని మధ్యలో కరెంటు పోతే, అప్పుడు రాస్తున్న సమాచారమే కాక పాత సమాచారం కూడా చెడిపోవచ్చు.

వేగవంతమైన దారి

పై 5లో ఒక కొత్త సదుపాయం వచ్చింది. బోర్డు అంచున పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే మార్గానికి ఒక సన్నని రిబ్బను తీగ తగిలించే చోటు ఉంది. పెద్ద కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డులు వాడేది ఈ మార్గాన్నే. అక్కడ పదహారు వరుసల రహదారి ఉంటే, ఇక్కడ ఒక్క వరుస ఉంటుంది.

ఈ ఒక్క వరుస ఎంత మోయగలదో లెక్కిద్దాం. రెండవ తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక వరుస మీద సెకనుకు 500 కోట్ల బిట్లు ప్రయాణిస్తాయి. కాని దోషాలు రాకుండా ప్రతి 8 బిట్ల సమాచారాన్ని 10 బిట్లుగా మార్చి పంపుతారు. కనుక అసలు సమాచారం 400 కోట్ల బిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి ఇది 50 కోట్ల బైట్లు, అంటే 500 మెగాబైట్లు. మెమరీ కార్డు మార్గానికి ఇది దాదాపు ఐదు రెట్లు. మూడవ తరంలో వేగం 800 కోట్ల బిట్లు, 128 బిట్లకు కేవలం 2 బిట్ల అదనపు భారం. అక్కడ లెక్క సుమారు 985 మెగాబైట్లకు వస్తుంది. పై 5ను తయారీదారులు రెండవ తరానికి మాత్రమే ధ్రువీకరించారు. సెట్టింగు మార్చి మూడవ తరంలో నడపవచ్చు గాని, నిలకడకు హామీ లేదు. బడి గ్రంథాలయానికి వేగం కంటే నిలకడ ముఖ్యం.

ఈ మార్గానికి ఎం.2 ఆకారపు ఎస్‌ఎస్‌డీని కలపడానికి ఒక మధ్య పలక కావాలి. 2024లో రాస్ప్‌బెరీ పై సంస్థే ఎం.2 హ్యాట్ ప్లస్ అనే పలకను విడుదల చేసింది. ఎస్‌ఎస్‌డీ మీద ఉండే 2230, 2242 అనే అంకెలను చూసి తికమకపడకండి. మొదటి రెండు అంకెలు వెడల్పు, తరువాతివి పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఈ పలక మీద ఆ రెండు కొలతల ఎస్‌ఎస్‌డీలు పడతాయి.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేసేదై ఉండాలి. 2011లో రూపొందిన ఈ పద్ధతిని ఫ్లాష్ మెమరీ కోసమే ఆలోచించి చేశారు. ఒకే కౌంటరు దగ్గర అందరూ నిలబడే బదులు అనేక వరుసల్లో అడగడానికి ఇది వీలిస్తుంది. నలభై మంది పిల్లల నలభై కోరికలు ఒకదాని వెనుక ఒకటి ఆగవలసిన అవసరం బాగా తగ్గుతుంది.

5 వోల్టులనే నేరుగా పంపితే?

ఇక విద్యుత్తు సంగతి. పై 5కు కావలసింది 5 వోల్టులు. మరి నెట్‌వర్క్ తీగలో 5 వోల్టులనే పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. లెక్క వేద్దాం.

నెట్‌వర్క్ తీగలో నాలుగు జతలు, అంటే ఎనిమిది సన్నని రాగి తీగలు ఉంటాయి. ఒక జతలోని రెండు తీగల మీదుగా ప్రవాహం వెళ్ళి, మరో జత మీదుగా తిరిగి వస్తుందనుకుందాం. 100 మీటర్ల దూరానికి రానూపోనూ నిరోధం గరిష్ఠంగా 12.5 ఓములు అని ప్రమాణం తీసుకుంటుంది. 5 వోల్టుల మూలానికి 12.5 ఓముల తీగ తగిలిస్తే అవతలి చివర గరిష్ఠంగా ఎంత సామర్థ్యం లభిస్తుంది? వోల్టేజి వర్గాన్ని నిరోధానికి నాలుగు రెట్లతో భాగించాలి. 25ను 50తో భాగిస్తే అర వాటు! ఒక చిన్న ఎల్‌ఈడీ దీపానికి తప్ప దేనికీ చాలదు.

పరిష్కారం వోల్టేజిని పెంచడం. తీగలో వేడిగా పోయే నష్టం ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. అదే సామర్థ్యాన్ని పది రెట్ల వోల్టేజితో పంపితే ప్రవాహం పదో వంతు అవుతుంది, నష్టం నూరో వంతుకు పడిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుండి తమిళనాడులోని పుగలూరుకు వెళ్ళే విద్యుత్ లైను 800 కిలోవోల్టుల మీద 6,000 మెగావాట్లు మోయగలదు. దాని వోల్టేజి అంత ఎక్కువగా ఉండడానికీ, మన వరండా తీగలో 5కు బదులు 50 వోల్టులు పంపడానికీ కారణం ఒక్కటే.

పీఓఈకి ఐఈఈఈ సంస్థ 2003లో తొలి ప్రమాణాన్ని ఇచ్చింది. ఇందులో కనీసం 44 వోల్టులు, 0.35 ఆంపియర్లు. గుణిస్తే మూలం దగ్గర 15.4 వాట్లు. ఆనాటి లెక్కలో తీగ నిరోధం 20 ఓములు. నష్టం 0.35 వర్గం ఇంటు 20, అంటే 2.45 వాట్లు. మిగిలేది 12.95 వాట్లు. 2009 ప్రమాణంలో 50 వోల్టులు, 0.6 ఆంపియర్లు, మొత్తం 30 వాట్లు. నష్టం 0.36 ఇంటు 12.5, అంటే 4.5 వాట్లు. మిగిలేది 25.5 వాట్లు. పరికరాల పెట్టెల మీద కనిపించే ఆ వింత అంకెలు ఎక్కడి నుండి వచ్చాయో చూశారా? 2018లో వచ్చిన మూడవ ప్రమాణం నాలుగు జతలనూ వాడి ఇంకా ఎక్కువ సామర్థ్యాన్ని పంపుతుంది.

సమాచారం చెడిపోదా?

ఒకే తీగలో రెండూ వెళితే ఒకదానికొకటి అడ్డురావా? రావు. ఒక జతలోని రెండు తీగల మధ్య ఉండే వోల్టేజి తేడాయే సమాచారం. విద్యుత్తును ఆ రెండు తీగలలోకి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్య బిందువు నుండి సమానంగా పంపుతారు. రెండు తీగల స్థాయీ సమానంగా పెరుగుతుంది కనుక తేడా మారదు. చుట్ట రెండు సగాలలో ప్రవాహాలు వ్యతిరేక దిశల్లో ఉండడం వల్ల వాటి అయస్కాంత ప్రభావాలు రద్దవుతాయి.

మామూలు కంప్యూటరును పొరపాటున ఈ తీగకు తగిలిస్తే కాలిపోదా అన్నది మరో సందేహం. పీఓఈ నెట్‌వర్క్ స్విచ్ ముందుగా 10 వోల్టుల లోపు చిన్న వోల్టేజి పంపి, అవతల సుమారు 25 కిలో ఓముల నిరోధం ఉందా అని చూస్తుంది. ఉంటే అది పీఓఈ పరికరం. తరువాత 15 నుండి 20 వోల్టుల దగ్గర అది తీసుకునే ప్రవాహాన్ని బట్టి ఎంత సామర్థ్యం కోరుతుందో తెలుసుకుంటుంది. ఆ తరువాతే పూర్తి వోల్టేజి ఇస్తుంది. ఈ ప్రమాణాన్ని పాటించని చవక పరికరాలు కొన్ని అడగకుండానే వోల్టేజిని పంపుతాయి. వాటితో జాగ్రత్త.

లెక్క సరిపోతుందా?

పై 5 పూర్తి భారంతో పనిచేసేటప్పుడు సుమారు 12 వాట్లు తీసుకుంటుంది. ఎం.2 పలక ఎస్‌ఎస్‌డీకి 3.3 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, అంటే గరిష్ఠంగా 9.9 వాట్లు. రెండూ కలిపితే 22 వాట్లకు దగ్గర. 50 వోల్టులను 5 వోల్టులుగా మార్చే కన్వర్టరు 90 శాతం సమర్థంగా పనిచేస్తే తీగ నుండి రావలసింది 24.4 వాట్లు. 2003 ప్రమాణం చాలదు. 2009 ప్రమాణం అంచున సరిపోతుంది. చిన్న ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా ఇంతకంటే బాగా తక్కువే వాడతాయి. కాని యూఎస్‌బీకి హార్డ్ డిస్కులు, కెమెరాలు కూడా తగిలిద్దామంటే మళ్ళీ లెక్క చూసుకోవాలి.

పలకను కొనేటప్పుడు మరొకటి గమనించండి. పై 4 కోసం చేసిన పీఓఈ పలక పై 5కు పనికిరాదు, ఎందుకంటే బోర్డు మీద ఆ నాలుగు పిన్నుల స్థానం మారింది. పీఓఈ, ఎం.2 రెండూ కలిసిన పలకలు కూడా మార్కెట్లో ఉన్నాయి.

అసలు లాభం

ఇప్పుడు మన బడికి తిరిగి వద్దాం. ఆఫీసు గదిలో పీఓఈ స్విచ్, దాని పక్కన ఒక చిన్న యూపీఎస్. వాటిలో తరచుగా వాడే బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు, అంటే 84 వాట్ అవర్లు. మొత్తం 20 వాట్లు వాడుతున్నామనుకుంటే సిద్ధాంతరీత్యా 4.2 గంటలు. మార్పిడి నష్టాలు పోగా అంతకంటే తక్కువే వస్తుంది, అయినా మామూలు కరెంటు కోతను దాటడానికి సరిపోతుంది. ఒక్కచోట ఉన్న బ్యాటరీ వరండా చివరి కంప్యూటరును కాపాడుతుంది. పాత టెలిఫోను ఎక్స్ఛేంజి చేసిన పనీ ఇదే. అయితే బ్యాటరీ అయిపోయేలోగా కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపాలి. సాధారణ ఎస్‌ఎస్‌డీ కూడా రాస్తున్నప్పుడు అకస్మాత్తుగా కరెంటు పోతే సమాచారాన్ని పోగొట్టుకోగలదు.

మరికొన్ని జాగ్రత్తలు అవసరం. మే నెలలో రాయ్‌పూర్ ఉష్ణోగ్రత తరచుగా 42 డిగ్రీలు దాటుతుంది. పై 5 ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. మూసిన పెట్టెలో కన్వర్టరు, ఎస్‌ఎస్‌డీ వేడి కూడా చేరుతుంది కనుక గాలి ఆడే పెట్టె, చిన్న ఫ్యాను తప్పనిసరి. తీగను ఒక భవనం నుండి మరో భవనానికి ఆరుబయట లాగకండి. పిడుగు పడితే ఆ తీగే దారి అవుతుంది. తప్పదంటే సర్జ్ ప్రొటెక్టరు, సరైన ఎర్తింగు ఉండాలి.

చివరగా, తీగ రాగిదేనా అని చూడండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక తీగలు బజారులో దొరుకుతాయి. అల్యూమినియం విశిష్ట నిరోధం రాగి కంటే సుమారు 1.6 రెట్లు. ఇప్పుడు మీకొక అభ్యాసం. 40 మీటర్ల రాగి తీగలో 0.6 ఆంపియర్ల ప్రవాహానికి నష్టం ఎంత? అదే మందం గల అల్యూమినియం తీగ అయితే ఎంత? లెక్క చేయండి. తీగ కొనడానికి దుకాణానికి వెళ్ళేటప్పుడు ఆ రెండు అంకెలూ మీ చీటీలో ఉండాలి.