ధర తగ్గింది, ఖర్చుకు హద్దు పోయింది

వీడియో గేమ్‌ల ధరలు మండిపోతున్నాయని చాలామంది అంటారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో 2005 ప్రాంతం నుంచి 60 డాలర్ల దగ్గరే ఉన్న పెద్ద గేమ్ ధర 2020లో 70 అయింది. 2025లో నింటెండో ‘మారియో కార్ట్ వరల్డ్’ను 80 డాలర్లకు అమ్మింది. అయితే డబ్బు విలువ పడిపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే కథ మారిపోతుంది. 1977లో అటారీ తన గేమ్ యంత్రానికి పెట్టిన ధర సుమారు 200 డాలర్లు. ఇప్పటి విలువలో అది వెయ్యి డాలర్ల పైమాటే. 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చింది 499 డాలర్లకు. 2005 నాటి 60 డాలర్లు 2020 నాటికి దాదాపు 80 డాలర్లతో సమానం కాబట్టి, ఆ ఏడాది 70 డాలర్లకు వచ్చిన గేమ్ పాతదాని కన్నా చవకే. దీనికి కారణాలున్నాయి. ఖరీదైన చిప్పులుండే క్యాట్రిడ్జ్ పోయి, చవకగా అచ్చయ్యే సీడీ వచ్చింది. ఆ తర్వాత డబ్బా, రవాణా కూడా అక్కర్లేని డౌన్‌లోడ్ వచ్చింది. కొనేవాళ్లూ ఎన్నో రెట్లు పెరిగారు.

ఇంతటితో ఆగితే ఫిర్యాదుకు తావే లేదు. కానీ ధర వేరు, ఖర్చు వేరు. ఒకప్పుడు డబ్బాపై ఉన్న ధర చెల్లిస్తే లావాదేవీ ముగిసేది. ఆడటం అయ్యాక ఆ క్యాట్రిడ్జ్‌నో డిస్క్‌నో స్నేహితుడికి ఇవ్వొచ్చు, సగం ధరకు అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ను అలా చేతులు మార్చే వీలు సాధారణంగా లేదు. 2006లో ‘ఆబ్లివియన్’ గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని విడిగా రెండున్నర డాలర్లకు అమ్మితే ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ తర్వాత ఆ పద్ధతే రాజమార్గమైంది. 2017లో వచ్చిన ‘ఫోర్ట్‌నైట్’ బ్యాటిల్ రాయల్ ఆడటానికి పైసా అక్కర్లేదు. ఆదాయమంతా లోపల అమ్మే వేషాల మీద, పాస్‌ల మీదే. మన దగ్గర 2016లో జియో రాకతో డేటా చవకై, ఫోనే గేమ్ యంత్రమైంది. ‘ఫ్రీ ఫైర్’ గేమ్‌లో డైమండ్లు, ‘బీజీఎంఐ’ గేమ్‌లో యూసీ అనే నాణేలు పల్లెటూరి కుర్రాళ్లకూ తెలిసిన మాటలయ్యాయి. అసలు కన్నా వడ్డీ ముద్దన్నట్టు, గేమ్ కన్నా దాని లోపలి అంగడి ముఖ్యమైపోయింది.

ఉచితం వల్లే పేదింటి పిల్లలూ ఆడగలుగుతున్నారు కదా అని ఒక వాదన. నిజమే, యాభై వేల రూపాయల యంత్రం కొనలేని ఇంటికి అది మేలే, దాన్ని కాదనకూడదు. ఎవరూ బలవంతపెట్టడం లేదు, కొనడం మానుకోవచ్చు కదా అనేది రెండో వాదన. ఇది పెద్దలకు కొంతవరకు వర్తిస్తుంది. కానీ రూపాయిని డైమండ్‌గా మార్చాక ఎంత పోతోందో పిల్లలకు అందదు. 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బటన్ల అమరికతో ఆటగాళ్ల చేత అనుకోని కొనుగోళ్లు చేయించారన్న ఆరోపణపై ‘ఫోర్ట్‌నైట్’ సంస్థ ఎపిక్ గేమ్స్ నుంచి 24.5 కోట్ల డాలర్ల వాపసుకు ఒప్పందం రాబట్టింది. లోపల ఏముందో తెలియకుండా అదృష్టం మీద కొనే ‘లూట్ బాక్స్’లు కొన్ని జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. కొనేవాడి ఇష్టమంటూ వదిలేయలేమని ఆ ప్రభుత్వాలే గుర్తించాయి. గేమ్ తయారీ ఖర్చు విపరీతంగా పెరిగిందన్న మూడో వాదన న్యాయమైనదే. అయితే అది ధర పెంచడానికి కారణం కాగలదు గానీ దాచడానికి కాదు.

కాబట్టి 80 డాలర్ల గేమ్ మీద కన్నా, ధరే కనిపించని గేమ్ మీద మనకు ఎక్కువ శ్రద్ధ ఉండాలి. లోపల అమ్మే ప్రతి వస్తువు పక్కన రూపాయల్లో ధర, ఆ నెలలో అప్పటిదాకా అయిన మొత్తం చూపించాలని చట్టం అడగాలి. అది వచ్చేలోగా తల్లిదండ్రులు ఫోన్‌లో కొనుగోళ్ల చరిత్ర తెరిచి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అంకెలు కలిపి చూడాలి.