ఏండ్లు నిలుచు రసము, పూట నిలువని రసము

ద్రాక్షమద్యముల ప్రస్తావన వచ్చినపుడు ఫ్రాన్సు, ఇటలీ దేశముల పేర్లు ముందుగా వినబడును. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే అను చిన్నదేశమునకును ఆ వరుసలో ఒక చోటు దొరకినది. అందుకు కారణము తన్నాత్ అను ఒక నల్లద్రాక్ష. దాని పుట్టినిల్లు నైరృతి ఫ్రాన్సు. 1870 దశకమున పాస్కువల్ హరియాగ్ అను బాస్కు వలసదారుడు దానిని ఉరుగ్వేలోని సాల్తో ప్రాంతమున పెంచి వ్యాప్తికి తెచ్చెను. అక్కడి జనులు చాలకాలము ఆ ద్రాక్షను ఆయన పేరుతోనే పిలిచిరి. దాని తొక్కలో, గింజలో వగరు మెండు. క్రొత్తగా తీసిన మద్యము నాలుకను పట్టివేయును. ఓకు కొయ్య పీపాలలో నిలువయుంచిన కొలది ఆ వగరు మెత్తబడును. అందుచేత అది ఏండ్లు గడచిన పిదపనే బాగుండునని అక్కడివారు చెప్పుదురు.

మనసీమలో దీనికి సాటిగా చెప్పదగినది ఏది అని మేము ఆలోచించితిమి. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై సూర్యాపేట, కోదాడల మీదుగా పయనించి, మిర్యాలగూడ వైపు మరలినచో ద్రాక్షపందిళ్లు కంటబడవు. పొలముగట్లపై తాటిచెట్లు, వాగుల వెంట ఈతచెట్లు కనబడును. ఈ సీమకు పేరుపడిన రసము వాటినుండి దిగు కల్లే. ఒకటి పండ్లరసము, వేరొకటి చెట్టురసము. రెండింటిని మద్యముగా మార్చునది మాత్రము ఒక్కటే. కంటికి కనబడని మధుశిలీంధ్రము. అట్లయినను ఒకటి ఏండ్లు నిలుచుట, వేరొకటి పూటయైన నిలువకుండుట ఎందువలన?

ముందు రసము దిగు విధమును చూతము. సాధారణముగా ఈతకల్లు శీతకాలమున, తాటికల్లు ఎండకాలమున సమృద్ధిగా లభించును. ఈతచెట్టునకు మొవ్వు దిగువ కాండమును చెక్కి, కారు రసమును లొట్టిలో పట్టుదురు. తాటికైతే గెల కొసను పలుచగా కోసి లొట్టి కట్టవలెను. మగచెట్టు, ఆడచెట్టు రెండును రసమిచ్చును. కోతముఖము ఎండి మూసుకొనకుండ దినదినము క్రొత్తగా గీయవలెను. ఈ పనివలననే దీనికి గీతవృత్తి అని పేరు కలిగినది.

చెట్టునుండి ఊరినపుడు ఆ రసము తియ్యని నీరా. అందు నూటికి ఇంచుమించు 10 నుండి 12 పాళ్లు చక్కెర ఉండును. లొట్టి పాతది, గాలి సోకునది, నోరు తెరచినది. దాని గోడలనంటియున్న శిలీంధ్రములును, ఇతర సూక్ష్మజీవులును రసము పడిన క్షణమునుండియే పని మొదలుపెట్టును. అందుచేత దించునప్పటికే నురుగు కట్టియుండును. ప్రొద్దుట తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నమునకు ఘాటెక్కును, మరునాటికి పులిసి చివరకు సిర్కా దారి పట్టును. లొట్టిలోపల సున్నము పూసినచో పులియుట ఆగును. తాటిబెల్లము వండువారు చేయునది ఇదియే.

ద్రాక్షలో చక్కెర నూటికి 20 పాళ్లకు మించి ఉండును. అందుచేత మద్యసారము 12 నుండి 14 పాళ్ల వరకు పెరుగును. ఆ పాళ్లలో చెరుపుచేయు జీవులు అంతగా బ్రదుకజాలవు. ద్రాక్షలోని పులుపు, వగరు వానికి మరింత అడ్డు. పైగా మూతబిగించిన పీపాలోనికి గాలి అంతగా చొరదు. కల్లులో మద్యసారము నాలుగైదు పాళ్లు మాత్రమే. వగరు లేదు, మూత లేదు. కనుక దానికి నిలువయుండు బలము చాలదు.

దీనిబట్టి ఒక నిజము తేలుచున్నది. ద్రాక్షమద్యము ఓడలెక్కి దేశములు దాటగలదు. అసలు కల్లు తన చెట్టునుండి నాలుగు ఊళ్లైన దాటజాలదు. చెట్టు దగ్గర ఉండవలెను, ఎక్కువాడు ఉండవలెను. ఆ రెండును లేనిచోట కల్లు పేరుతో నిత్యము సమృద్ధిగా దొరకు ద్రవమును శంకింపవలసినదే. క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలిపిన కల్తీకల్లు తెలంగాణలో ఎందరినో చెరిచినది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున అది పలువురి ప్రాణములను తీసినది. అసలు కల్లైనను మద్యమే. మితిమీరిన హాని తప్పదు. కల్తీయైనచో మితముగా త్రాగినవారికిని రక్షణ లేదు.

ఇక ఎక్కువాని సంగతి. అరువది అడుగుల తాటిని నడుముకు బిగించిన మోకు ఆధారముతో దినమునకు రెండుమారులు ఎక్కి దిగుట సామాన్యము కాదు. మోకు జారినచో మరణము, లేదా వెన్ను విరిగిన బ్రతుకు. అందుకే గౌడులు కాటమయ్యకు మ్రొక్కి చెట్టెక్కుదురు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము పేరున భద్రతాసామగ్రిని ఇచ్చుట ఆరంభించినది. అది ప్రతి గీతకార్మికునికి చేరి, వాడుకలోనికి రావలెను.

1967లో నాగార్జునసాగరు నీరు విడుదలయినది. ఎడమకాలువ ప్రవహించిన కొలది మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిసీమలైనవి. అది మనకు అన్నము పెట్టిన మేలు. కాని చేలను చదును చేయునపుడు, దారులు వెడల్పు చేయునపుడు గట్టుమీది చెట్టుకే మొదటి గొడ్డలివేటు. తాటి పూతకు వచ్చుటకు పండ్రెండు పదునైదేండ్లు పట్టును. నేడు నరికినది రేపటికి రాదు. 2015లో ఆరంభమైన హరితహారమున ఈత, తాటి మొక్కలను కూడ నాటించిరి. చెరువుగట్లపై, కాలువ ఒడ్డులపై ఖాళీ ఇంకను ఉన్నది. వానకాలమున నాలుగు తాటిటెంకలు పాతుటకు పెద్ద ఖర్చు లేదు. ముంజెలకు, ఆకులకు, బెల్లమునకు, నీరాకు అవి పనికివచ్చును. ఉరుగ్వేవారు పరదేశపు తీగను తెచ్చి తమదిగా చేసికొనిరి. మనము మన గట్టుమీద ఉన్న చెట్టునైన నిలుపుకొనవలదా?