కిర్రుమనే మెట్టుకు మరమేకు వైద్యం

విశాఖ ఉక్కు కర్మాగారం అనగానే మనకు వంతెనలూ మేడలే గుర్తొస్తాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారంలో వైర్ రాడ్ మిల్లు ఒకటుంది. ఎర్రగా కాగిన ఉక్కు బిల్లెట్ వరుస రోలర్ల మధ్య నలిగి, సన్నని కడ్డీ చుట్టలుగా బయటికొస్తుంది. అలాంటి కడ్డీయే తీగగా సాగి, మేకులూ మరమేకులూ అవుతుంది.

ఆ మరమేకు విలువ తెలిసేది కిర్రుమనే మెట్టు దగ్గర. విశాఖలో మన మెట్లు ఎక్కువగా సిమెంటువి, వాటికి కిర్రు లేదు. అమెరికాలో కాపురముంటున్న మన పిల్లల ఇళ్లలో మాత్రం చెక్క మెట్లు, వాటి మీద కార్పెట్. చలికాలం హీటర్ వేడికి గాలి పొడిబారి చెక్క ముడుచుకుంటుంది. మెట్టు పలకను కింది దూలానికి పట్టి ఉంచిన మేకును నిలిపేది చుట్టూ ఉన్న కొయ్య నారల బిగింపే. అది సడలితే పలకకూ దూలానికీ మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. కాలు మోపగానే పలక కిందికి దిగుతూ మేకును రాసుకుంటుంది. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కమాను కింద వయొలిన్ తీగ పలికేదీ ఈ పట్టువిడుపుల వల్లే. మెట్టులో అది నిద్ర చెడగొట్టే చప్పుడవుతుంది.

ఇంకో మేకు కొడితే? కొన్నాళ్లకు అదీ వదులవుతుంది. మరమేకు నారల్లోకి మరలు దించి పలకను దూలానికి లాగి పట్టుకుంటుంది. చువ్వ చుట్టూ తిరిగిన ఏటవాలు తలమే మర. చేతి తిప్పుడును అది బలమైన లాగుడుగా మారుస్తుంది.

మర ప్రాచీనమే. మధ్యధరా తీరాల్లో ఆలివ్ నూనె పిండడానికి కొయ్య మరలు వాడారు. ఇనుప మరమేకు మాత్రం చాలాకాలం ఆకురాయితో ఒక్కొక్కటిగా అరగదీసిన ఖరీదైన వస్తువు, ఒకదానికొకటి పోలిక ఉండేది కాదు. 1760లో ఇంగ్లండులో జాబ్, విలియం వ్యాట్ సోదరులు వాటిని యంత్రంతో చేసే పద్ధతికి పేటెంటు పొందారు. సామాన్యుడి ఇంటికి మరమేకు చేరిందంటే ఆ అన్నదమ్ముల పుణ్యం చాలా ఉంది, వారి పేరు ఎవరికీ తెలియకపోవడం అన్యాయం. అప్పటికి దానికి మొన కూడా లేదు, ముందే రంధ్రం వేయాలి. మొనదేలిన మరమేకు 1840లలో అమెరికాలో వచ్చింది.

కార్పెట్ మెట్లకు దీని వారసుడొకడున్నాడు: తల కింద గాటు పెట్టిన మరమేకు. మూడుకాళ్ల చిన్న పరికరాన్ని కార్పెట్ మీద నిలబెట్టి, దానిగుండా మరమేకును బిగిస్తారు. నిర్ణీత లోతు రాగానే అది ఆగిపోతుంది. పైకి మిగిలిన కొసను అటూఇటూ ఊపితే గాటు దగ్గర విరిగి ఊడొస్తుంది. విరిగిన చోటు కార్పెట్ అడుగున, చెక్కలోనే ఉండిపోతుంది. కార్పెట్ విప్పే పనీ లేదు, కోసే పనీ లేదు. నా దృష్టిలో పనిముట్టంటే ఇదీ.

ప్రయత్నించేవారికి ఒక్కమాట. ముందు మెట్టు కింద దూలం ఎక్కడుందో కచ్చితంగా వెతికి గుర్తు పెట్టుకోండి. దూలానికి అందని మరమేకులు ఎన్ని దించినా ఆ చప్పుడు ఆగదు.