క్రొత్తగా కొనిన గొర్రెపిల్లలకు టీకాలు: వాని నెన్నుకొనుటయు, భద్రపఱచుటయు

కోతలు ముగిసి కల్లములు ఖాళీయైన పిమ్మట మన రైతులలో ననేకులు సంతలో పొట్టేలుపిల్లలను కొని, మూడు నాలుగు మాసములు మేపి, బలిసిన తరువాత అమ్ముదురు. పొలమున మిగిలిన మేత వ్యర్థము గాక ధనమగును. మంద పెంట నేలకు బలమిచ్చును. ఇది మంచి వ్యాపారమే. కాని తెచ్చిన కొలది దినములలోనే పిల్లలు వరుసగా పడి, పెట్టిన సొమ్మంతయు నేలపాలగుటయు కలదు. అట్టి నష్టము కలిగినపుడు రైతు తఱచుగా పలుకు మాట యేమనగా, "టీకాలు వేయించితిని, అయినను చచ్చినవి, టీకాలవలన ప్రయోజనము లేదు" అని. ఈ మాట సరికాదు. టీకా నెన్నుకొనుటయందో, వేసిన సమయమునందో, మందును దాచుటయందో దోషము జరిగి యుండును. మఱియు చెడిన టీకామందు చూపునకు మంచి మందువలెనే యుండును. అందుచేత రైతు మోసపోవుచున్నాడు. ఆ మోసము కలుగకుండుటకు తెలిసికొనవలసిన సంగతులు దిగువ వ్రాయబడినవి.

1. సంతపిల్లలను వేరుగా నుంచుట

సంతలో పలు గ్రామముల మందలు కలియును. ఒక పిల్ల ముక్కునుండి కారు చీమిడి మఱియొకదానికి తగులును. అటుపిమ్మట బండిపైనో లారీపైనో దూరప్రయాణము, దాహము, క్రొత్త నీరు, క్రొత్త మేత. వీనిచే పిల్లల సత్తువ తగ్గును. కావున క్రొత్త పిల్లలను ఇంటిమందతో కలుపక 21 దినములు వేరుగా కట్టివేయవలెను. పారుడు రోగముగాని బొబ్బరోగముగాని లోపల దాగియున్నచో సాధారణముగా ఈ గడువులో బయటపడును. నీళ్లతొట్టి వేఱు, మేత వేఱు, కాపరియు వీలైనంతవఱకు వేఱుగా నుండవలెను.

వచ్చిన దినముననే టీకా వేయుట సామాన్యముగా తగదు. అలసిన శరీరము టీకాను చక్కగా స్వీకరింపజాలదు. ఒక వారము విశ్రాంతి యిచ్చి, కడుపులోని పురుగులకు మందు త్రాగించి, పిమ్మట టీకా ప్రారంభింపవలెను. జ్వరముగాని, పారుడుగాని, దగ్గుగాని ఉన్న పిల్లకు టీకా వేయరాదు. అయితే చుట్టుపట్ల రోగము ప్రబలియున్నచో ఆలస్యము చేయక పశువైద్యుని యాజ్ఞ ప్రకారము నడువవలెను.

2. ఏ టీకాలు వేయవలెను?

అమ్మువాడు "అన్ని టీకాలు అయినవి" అని చెప్పుట సహజము. ఏ టీకా, ఏ తేదీని వేయబడినదో వ్రాతమూలముగా చూపినగాని నమ్మరాదు.

పారుడు రోగము: దీనిని వైద్యులు పి.పి.ఆర్. అందురు. మన దేశమున ఇది మొదట 1987వ సంవత్సరమున తమిళనాడులో కనబడినది. జ్వరము, కంటి ముక్కుల స్రావము, నోటిపుండ్లు, పారుడు దీని గుర్తులు. దీని టీకా ఒక్కమాఱు వేసిన మూడేండ్లవఱకు కాపాడును. గనుక అమ్మకమునకై మేపు పిల్లకు ఒక్క పర్యాయమే చాలును. కాని మూడు మాసములు నిండని పిల్లకు వేయుట తొందరపాటగును. టీకా పొందిన తల్లి జున్నుపాలద్వారా వచ్చిన రక్షణ యింకను పిల్ల రక్తమున నుండి, ఆ టీకాను పనిచేయనీయదు.

చిటుకు రోగము: సాయంకాలము చక్కగా మేసిన పిల్ల తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండును, మందలో బలిష్ఠమైనదే ముందుగా పోవును. ప్రేగులలో సహజముగానే యుండు సూక్ష్మజీవి, గింజలుగాని లేతపచ్చికగాని హఠాత్తుగా అధికమైనపుడు విజృంభించి విషము పుట్టించును. బలియుటకై దాణా పెట్టబడు పిల్లలకు ఇది ముఖ్యశత్రువు. దీని టీకాను మొదటిసారి పొందు పిల్లకు రెండు మోతాదులు, రెండు మూడు వారముల యెడముతో వేయవలెను. ఒక్క మోతాదుతో విడిచిన రక్షణ నిలువదు. రెండవ మోతాదు వేసి రెండు వారములు గడచువఱకు దాణాను కొంచెము కొంచెముగానే పెంచవలెను.

నీలినాలుక రోగము: వానకాలమున సూక్ష్మమైన కుట్టెడు ఈగలవలన వ్యాపించును. మూతి వాచును, నాలుక నీలమగును, కాళ్లు కుంటును. దీని టీకా వానలకు ముందే పూర్తికావలెను. ఈగలు లేచిన తరువాత పరుగెత్తిన లాభము స్వల్పము.

బొబ్బరోగము, గాలికుంటు, గొంతువాపు వీని టీకాలు మీ ప్రాంతమున నున్న భయమునుబట్టి వైద్యుడు నిర్ణయించును. దొమ్మరోగపు టీకా ఆ రోగము పూర్వము కనబడిన గ్రామములయందే వేయదగినది. లేనిచోట నూరక వేయరాదు.

అన్ని టీకాలును ఒక్కదినమున గ్రుచ్చి ముగింపవలెనను తలంపు మంచిది కాదు. పారుడు, చిటుకు టీకాలు మొదటివి. ఏది ముందో వైద్యుని అడిగి, ఒకదానికి మఱియొకదానికి రెండు మూడు వారముల యెడముంచవలెను.

3. టీకాలు రెండు జాతులు

ఈ భేదమును గ్రహించిన రైతు సగము నష్టమును తప్పించుకొనును.

మొదటిది సజీవ టీకా. పారుడు, బొబ్బరోగముల టీకాలు ఇట్టివి. రోగబీజమును బలహీనపఱచి, ఎండబెట్టి, చిన్న సీసాలో బిళ్లవలె నుంతురు. వేయుటకు ముందు వేఱుగా నిచ్చిన ద్రవముతో కలుపుదురు. ఇందలి బీజము బ్రతికియున్నంతవఱకే ప్రయోజనము. వేడిమి దానిని చంపును.

రెండవది నిర్జీవ టీకా. చిటుకు, నీలినాలుక, గాలికుంటు టీకాలు ఇట్టివి. ఇవి ద్రవరూపమున నుండును. వీనికి వేడిమి చేటే. గడ్డకట్టుట అంతకంటె చేటు. ఒక్కమాఱు గడ్డకట్టి కరగిన మందు శక్తిని కోల్పోవును. పటికజాతి పదార్థము చేర్చిన మందైనచో, కుదిపి నిలిపినపుడు పలుకులు పలుకులుగా విడి అడుగున శీఘ్రముగా దిగును. అట్టిదానిని వాడరాదు.

రెండు జాతులకును 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనము తగినది. అంతకు తక్కువయు వలదు, ఎక్కువయు వలదు.

4. కొనునపుడును, తెచ్చునపుడును

ముందుగా ప్రభుత్వ పశువైద్యశాలలో విచారింపుడు. కొన్ని టీకాలు సర్కారువారే వేయుదురు. దుకాణమున కొనవలసివచ్చినచో సీసాపై గడువుతేదీ చూడుడు. అంగడివాడు మందును చల్లనిపెట్టెలోనుండి తీసెనా, బల్లమీదనుండి తీసెనా అనునది గమనింపుడు. బల్లమీది మందు సగము వెలకిచ్చినను కొనకుడు. ఎండబెట్టిన టీకా బిళ్ల కరగి, చెమ్మగిలి, ముడుచుకొని యున్నచో విడిచిపెట్టుడు.

పిల్లల లెక్కకు సరిపోవు సీసానే కొనుడు. నలువది పిల్లలకు నూరు మోతాదుల సీసా తెచ్చిన మిగిలినది పాఱవేయవలసినదే. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే దినమున వేయించుకొనిన ఖర్చు అందఱికిని తగ్గును.

అంగీజేబులోగాని, మోటారుసైకిలు పెట్టెలోగాని, ఎండతగులు సంచిలోగాని మందును తేరాదు. ఐసుపెట్టెగాని, వెడల్పుమూతి థర్మాసు ఫ్లాస్కుగాని ఇంటినుండి తీసికొనిపొండు. సీసాను కాగితములోగాని గుడ్డలోగాని చుట్టి, ఐసుకు నేరుగా తగులకుండ నుంచుడు. నిర్జీవ టీకా విషయమున ఇది మఱువరాదు; ఐసు నానుకొని గడ్డకట్టిన మందు దారిలోనే చెడిపోవును.

5. ఇంటియందు ఉంచునపుడు

వేయు దినముననే తెచ్చుట అన్నిటికంటె మేలు. ఉంచక తప్పనిచో ఫ్రిజ్జు నడిమి అరలో నుంచుడు. తలుపు అరలో వేడిగాలి తగులును. మంచుగది ప్రక్కన గడ్డకట్టును. చిన్న ఉష్ణమాపకము నొకదానిని లోపల వ్రేలాడదీసి ఉదయము సాయంకాలము చూచుచుండుడు. కరెంటు పోయినపుడు తలుపు తెఱవకుడు. పిల్లలు అందుకొనకుండ, ఆహారపదార్థములతో కలియకుండ, మూతగల డబ్బాలో నుంచుడు.

కూజానీటిలోగాని, తడియిసుకలోగాని మందును దాచవచ్చునని కొందఱు తలంతురు. మన వేసవిలో బయట 40 డిగ్రీలు దాటును. కూజా నీరు నోటికి చల్లనగును గాని 8 డిగ్రీలకు దిగదు. అది త్రాగునీటికి చాలును, టీకాకు చాలదు.

6. వేయునపుడు

ఉదయము చల్లనివేళ నీడలో వేయింపుడు. ముందు పిల్లలను దొడ్డిలోనికి తోలి, సిద్ధపఱచి, పిమ్మటనే సజీవ టీకాను ద్రవముతో కలుపుడు. కలుపు ద్రవమును చల్లగానే యుండవలెను. కలిపిన మందును ఐసుమీద నుంచి రెండు గంటలలోపల ముగింపుడు. మిగిలినదానిని మఱునాటికి దాచకుడు. మరగించిన సిరంజి పూర్తిగా చల్లాఱవలెను. సిరంజిలో స్పిరిటుగాని మందునీరుగాని మిగిలియున్న సజీవ టీకా అందే చచ్చును. నిర్జీవ టీకా సీసాను వాడుటకు ముందు బాగుగా కుదుపవలెను. సూదిని మార్చుచుండుడు, ఒక్క సూదితో మందయంతటికి గ్రుచ్చిన ఒకదాని రోగము మఱియొకదానికి చేరును. మోతాదు సీసాపై వ్రాసినంత. తగ్గించి పంచుట ఆదా కాదు. మిగిలిన సజీవ మందును ఉడికించియో కాల్చియో పూడ్చవలెను.

పహాణీలో ఏ సర్వేనెంబరున ఏ పైరున్నదో వ్రాయబడునట్లే, ఒక పుస్తకమున పిల్లల సంఖ్య, టీకా పేరు, సీసాపై ముద్రించిన బ్యాచి సంఖ్య, వేసిన తేదీ, రెండవ మోతాదు తేదీ వ్రాసియుంచుడు. పిల్లలకు కీడు కలిగినపుడు వైద్యునికి ఆ పుస్తకమే దారి చూపును. అమ్మునపుడు కొనువాని నమ్మకమును అదియే సంపాదించును.

ముసర యను పశువుల పెద్దరోగము టీకాలచేతనే అణగి, 2011వ సంవత్సరమున లోకమునుండి తొలగినదని ప్రకటింపబడినది. కావున టీకాయొక్క శక్తి నిశ్చయమైనది. ఆ శక్తిని ప్రయోగశాలనుండి పిల్ల చర్మము క్రిందికి చెడకుండ చేర్చుట మాత్రము రైతు చేతిలోని పని. మంద వెలతో పోల్చిన ఐసు వెల యెంత? ఆ స్వల్పవ్యయమునకు వెనుదీయక, చల్లదనము చెడని మందునే వేయించి, మందను కాపాడుకొనుడు.