‘పేచీ’ – ఒక మాటలోని మెలికలు

మన ప్రాంతపు పసుపు విపణిలో తూకం దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు ‘ఎందుకయ్యా ఈ పేచీ!’ అని పెద్దలు మందలించడం పరిపాటి. ఆ మాట అచ్చంగా తమదేనని తెలుగువారు అనుకొంటారు. ఉర్దూ చదువుకొను మిత్రునికి మాత్రం అది వింతగా తోచవచ్చును. అతడెరిగిన ‘పేచ్’ అను పదానికి తొలి అర్థం తగవు కాదు. మెలిక, మడత, చుట్ట. ఒకే మాట రెండు ఇండ్లలో రెండు విధాలుగా పెరిగిన తీరు విద్యార్థులు గమనింపదగినది.

పారశీకంలో ‘పేచీదన్’ అను క్రియకు మెలిపెట్టుట, చుట్టుట అని అర్థం. దాని నుండి వచ్చినదే ‘పేచ్’. ‘సర్’ అనగా తల గనుక, తలపాగాపై ధరించు ఆభరణం ‘సర్‌పేచ్’ అయినది. మెలికలు తిరిగిన మరమేకు ‘పేచ్’; దానిని బిగించు పనిముట్టు ‘పేచ్‌కస్’. ఈ మాటను మన మరమ్మతు దుకాణాలలో నేటికీ వింటాము. గాలిపటాల దారాలు ఒకదానితో ఒకటి పెనవేసికొన్నను పేచే. ఉర్దూ కవులు ప్రేయసి కురుల వంపులను ‘పేచ్-ఓ-ఖమ్’ అని వర్ణిస్తారు. సులభంగా తెగని వ్యవహారం ‘పేచీదా’ అనిపించుకొంటుంది.

మెలికకు, తగవుకు పొత్తు ఎట్లు కుదిరినది? దీనికి సమాధానం మన తెలుగులోనే కలదు. ఒప్పుకొన్నట్లే ఒప్పుకొని షరతు పెట్టిన వానిని ‘మెలిక పెట్టినాడు’ అంటాము. దువ్వెనకు లొంగని జుట్టులో ఉన్నదీ చిక్కే, బ్రతుకులో ఎదురైన కష్టమూ చిక్కే. ఆంగ్లంలోని ‘కాంప్లికేటెడ్’ అను మాటకు సైతం మూలమైన లాటిన్ పదానికి ‘కలిపి మడచుట’ అని అర్థం. మడత పడినది కష్టమైతే, దానిని తెరచుట వివరణ అగును. ‘విప్పి చెప్పు’ అనుటలో మన పూర్వుల భావన ఇదియే.

నిజాం రాజ్యంలో పారశీకం చిరకాలం అధికార భాషగా ఉండెను. 1880 దశకంలో ఆ స్థానం ఉర్దూకు లభించినది. బజారు, రసీదు, తరాజు వంటి పారశీక పదాలెన్నో మన నోట నిలిచినవి. అయితే ‘పేచీ’ ఒక్క తెలంగాణమునకే పరిమితం కాదు. కోస్తా జిల్లాలలోను వాడుకలో ఉన్నది. తెలుగువారు ఆ మాట నుండి తలపాగాను, కురులను విడిచి, తగవును మాత్రమే ఉంచుకొన్నారు. ‘పేచీ పెట్టుట’, ‘పేచీకోరు’ అను ప్రయోగాలను కూడ కల్పించుకొన్నారు.

మెలిక ఎల్లప్పుడూ తగవే కానక్కరలేదు. పసుపు బస్తా మూతిని కుట్టు సుతిలి, పురిపెట్టని నాడు వట్టి పీచు. విడివిడిగా ఉన్న మూడు పాయలు ఒకదానిపై ఒకటి మెలిపడినప్పుడే జడ అగును. ‘పాయ’ అను ఈ తెలుగు మాట జుట్టుకూ చెల్లును, నదికీ చెల్లును. సంస్కృతంలో ‘వేణి’ అనగా జడయే. ప్రవాహమును కూడ ఆ పేరుతోనే పిలుస్తారు. పోచంపాడు జలాశయానికి ఎగువన, మన జిల్లాలోని కందకుర్తి వద్ద గోదావరి, మంజీర, హరిద్ర కలియు చోటును త్రివేణి సంగమం అనుట అందుకే. హరిద్ర అనగా పసుపు అని వేరుగా చెప్పవలెనా?

రెండు భాషలు ఒకే ఆవరణలో వినవచ్చు మన కళాశాలలో ఈ పదచరిత్రకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. ఒకరి మాట మరొకరికి అర్థం కాక అపోహ కలిగినచో, అది తెలుగువారెరిగిన పేచీ. ఓపికతో విప్పి చెప్పుకొన్నచో, అదే మెలిక జడలోని అల్లిక వలె మనలను కలిపి ఉంచును. కనుక తెలుగు విద్యార్థి తన ఉర్దూ మిత్రుని ‘పేచ్ అనగా నేమి?’ అని ఒకసారి అడుగవలెను. అతడును ‘పాయ అనగా నేమి?’ అని తిరిగి అడుగవలెను. నిఘంటువు కన్న ముందు తెరువదగిన పుస్తకం ప్రక్క బల్లపై కూర్చున్న స్నేహితుడే.